తమ్మపడిగలో పడని గుక్క

నాది పాత సీసాల వ్యాపారం. పేరు సిరాజ్. భవానీపురంలో మూడు తరాలుగా మేము చేసే పని ఒక్కటే: ఒకరు తాగి పారేసినదాన్ని కడిగి ఇంకొకరికి అమ్మడం. మా ఇంట్లో మందు ఎవరూ ముట్టలేదు, నేనూ ముట్టను. కానీ ఖాళీ సీసా చూపిస్తే చాలు, అందులో ఏ దేశపు ద్రాక్షరసం ఉండేదో చెప్పేస్తాను. ఆకుపచ్చ రంగులో సన్నగా పొడుగ్గా ఉంటే అది జర్మనీలో మోసెల్ నది ఒడ్డుది. అదే పొడుగు, గోధుమ రంగైతే రైన్ నదిది. భుజాలు ఎగరేసి నిలబడితే ఫ్రాన్సుది. పొట్టకి గడ్డి చుట్టుకుని గుండ్రంగా కూర్చుంటే ఇటలీది. ఈ చదువు నాకెవరు చెప్పారంటారా? శౌరయ్య. లోపలి సరుకు సంగతి అతనిది, పైన గాజు సంగతి నాది. ఇద్దరం చుక్క మింగకుండా ఈ విద్య సంపాదించాం.

శౌరయ్య తాగుబోతని మా పేటలో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఇది చెప్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. దాన్ని దాచను గానీ, వచ్చినచోటే చెప్తాను.

శౌరయ్యది పామర్రు పక్కన పల్లె. తండ్రి జక్కయ్య వరికోతల కూలీ. కొడవలి పట్టుకుంటే ఎంత చురుకో, సారా కొట్టు దగ్గరా అంతే చురుకు. ఒక క్రిస్మస్ పూజకి ఆయన తూలుకుంటూ వస్తే, గుడి తాళాలు చూసే పెద్దమనిషి గడప మీదనుంచే నెట్టేశాడు. జక్కయ్య మెట్ల మీద బోర్లాపడ్డాడు. ఊరంతా లోపల పాటలు పాడుకుంటుంటే కొడుకే లేపి ఇంటికి తీసుకెళ్ళాడు. రెండేళ్ళకి జక్కయ్య పోయాడు గానీ ఆ గడప మాత్రం శౌరయ్య మనసులోంచి పోలేదు. "గుడి తలుపు తీసేవాడు మనిషిని చూడాల సిరాజూ, వాసన చూడకూడదు" అనేవాడు నాతో. ఎప్పటికైనా ఒక గుడి తాళాలు తన చేతికి రావాలని, ఎవరు ఏ స్థితిలో వచ్చినా తాను తలుపు తీయాలని అతని కోరిక. నాకు తెలిసి అంతకుమించి అతను దేవుణ్ణి ఏదీ అడగలేదు.

పెళ్ళయిన వారానికే భార్య దానమ్మ అతన్ని గుణదల కొండ ఎక్కించి, మరియమ్మ ముందు నిలబెట్టి ఒట్టు వేయించుకుంది. సారా గానీ, కల్లు గానీ, మరొకటి గానీ, ఒక్క చుక్క గొంతు దిగకూడదు. మామగారి చరిత్ర తెలిసిన పిల్ల, అడగడంలో తప్పేముంది? అయితే ఆమె గొంతు అంది, నోరు అనలేదు. అందులో అంత సందు ఉందని అప్పుడు ఆమెకీ తెలియదు, అతనికీ తెలియదు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ బెజవాడ వచ్చి, మా పేట విచారణ గురువు ఫాదర్ రైనర్ గారి బంగళాలో పనికి కుదిరారు. శౌరయ్య వంట, దానమ్మ ఇంటిపని, వెనకాల రెండు గదుల్లో కాపురం. ఫాదర్ గారిది జర్మనీ. అంత ఎత్తు మనిషి, తెలుగు మనకంటే శుద్ధంగా మాట్లాడేవాడు, ఆవకాయ మనకంటే ఎక్కువ తినేవాడు. ఆయన అన్న కర్ట్ దొరకి మోసెల్ ఒడ్డున ద్రాక్షతోటలు. పూజలో వాడుకోమని ఏటా తమ్ముడికి ఒక పెట్టెడు సీసాలు పంపేవాడు. అవి ఓడలో మద్రాసు వచ్చి, అక్కణ్ణుంచి రైల్లో బెజవాడ చేరేవి. సీసాల మీద రీస్లింగ్ అని రాసుండేది. అది ఆ ద్రాక్ష జాతి పేరు, మనకి బంగినపల్లి ఉన్నట్టు.

కర్ట్ దొర పంపి ఊరుకునే రకం కాదు. ఈ ఏటి రసం ఎలా ఉంది, నిరుటికీ దీనికీ తేడా ఏమిటి, మొదట ఏ వాసన తగిలింది, ఆఖర్న నాలుక మీద ఏం మిగిలింది, అన్నీ రాయమని పెట్టెతోబాటే ఉత్తరం. ఆ విద్య అన్నదమ్ములిద్దరికీ తండ్రి నేర్పాడట. ఇద్దరిలోనూ రైనర్ ముక్కే గట్టిదని, అంత ముక్కున్నవాడు తోట వదిలేసి దేవుడి పనికి పోయాడని ఆ ముసలాయన చచ్చేదాకా బాధపడ్డాడట.

1971 వానల్లో ఫాదర్ గారికి విషజ్వరం వచ్చింది. మనిషి బతికాడు, ముక్కు చచ్చిపోయింది. మల్లెపూలు పెట్టినా, ఎండుచేపలు పెట్టినా ఆయనకి ఒకటే. ఆ ఏడు పెట్టె వచ్చింది, ఉత్తరమూ వచ్చింది. తండ్రి అంత మురిసిపోయిన ముక్కు పోయిందని అన్నకి రాయడానికి ఆయనకి చెయ్యి రాలేదు. నాలుగు రోజులు చూసి, వంటింట్లోకొచ్చి, కూర కలుపుతున్న శౌరయ్యని అడిగాడు.

"శౌరయ్యా, నువ్వు రుచి చూసి చెప్పాలి. నేను రాస్తాను."

శౌరయ్య గరిటె కింద పెట్టేశాడు. "నాకు ఒట్టుందండీ, అయ్యగారూ. గొంతు దిగకూడదండీ."

"దిగక్కర్లేదు. మా దేశంలో ఈ పని తెలిసినవాళ్ళు మింగరు. నోట్లో తిప్పి ఉమ్మేస్తారు."

శౌరయ్య దానమ్మని అడిగాడు. దానమ్మ ఒక పూటంతా ఆలోచించింది. పూజకి వాడే రసం కదా, అడిగింది గురువు కదా అని ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. రుచి చూసిన ప్రతిరోజూ సాయంత్రం శౌరయ్య ఆమె ముందు కూర్చుని జపమాల మొత్తం చెప్పాలి. మరియమ్మకి చెప్పే మంగళవార్త జపాలు యాభై మూడు. ప్రతిదానికీ ముందుసగం అతను, జవాబుగా మిగతా సగం ఆమె. ఒక్కచోట నాలుక మడతపడినా మర్నాటినుంచి వంటింట్లోకి సీసా రాదు. పోలీసులకి ఇంత తెలివైన పరీక్ష తెలిసుంటే ఎన్ని కేసులు తేలిపోయేవో!

ఉమ్మడానికి ఒక పాత్ర కావాలని శౌరయ్య నా కొట్టుకొచ్చాడు. మా తాతగారి ఇత్తడి తమ్మపడిగ అటక మీద పడుంది. తాంబూలం ఉమ్మడానికి ఆయన వాడింది, బొద్దుగా, అంచు వెడల్పుగా ఉంటుంది. దాన్నే చింతపండుతో తోమి ఇచ్చాను. మా అన్వరీ నన్ను కేకలేసింది. "తాగడం పాపమంటివి. వాళ్ళు ఉమ్మడానికి గిన్నెలిస్తన్నావా?" ఉమ్మడం ఎక్కడా పాపమని రాసిలేదని నేను వాదించాను. అన్వరీ ఒప్పుకోలేదు, తమ్మపడిగ మాత్రం వెళ్ళింది.

ఇక చూడండి. శౌరయ్య గ్లాసుని కిటికీ వెలుగుకి పట్టుకునేవాడు, తిప్పేవాడు, ముక్కు పెట్టి కళ్ళు మూసుకునేవాడు, గుక్కెడు నోట్లో పోసుకుని గాలి పీలుస్తూ పుక్కిలించి ఖంగుమని తమ్మపడిగలో ఉమ్మేవాడు. తర్వాత చెప్పేవాడు. "కొత్త కుండలో పోసిన నీళ్ళండీ ముందు. తర్వాత నిమ్మాకు నలిపినట్టు. ఆఖర్న రేగువడియం పులుపండీ, తీపి కిందనుంచి వచ్చే పులుపు." ఫాదర్ గారు అవన్నీ జర్మనులో రాసేవాడు. రేగువడియానికి మాత్రం వాళ్ళ భాషలో మాట దొరకలేదు, రేగువడియం అనే రాశాడు. దొర జవాబు రాస్తూ, ఆ వస్తువేదో వెంటనే పంపమన్నాడు. దానమ్మ ఎండబెట్టిన రేగువడియాలు అర్ధశేరు పోస్టులో జర్మనీ వెళ్ళాయి. ఆయన నేలమాళిగలో వాటిని గాజుసీసాలో పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడట. మా పేటలో వాటిని పిల్లలు కూడా లెక్కచేయరు.

ఈ విమర్శ చేసేది వంటమనిషని మాత్రం ఫాదర్ గారు దాచలేదు. "నా దగ్గరొక మంచి నాలుక దొరికింది" అని రాశాడు. తన ముక్కు సంగతి ఒక్కటే దాచాడు. అది బంగళాలో ఉన్న ముగ్గురికే తెలుసు, తర్వాతెప్పుడో నాకూ తెలిసింది.

1974లో వచ్చిన పెట్టెలో ఒక పాత సీసా ఉంది. 1959 నాటిది, వాళ్ళ నాన్న చనిపోయేముందు తీసిన ఆఖరి పంట. శౌరయ్య ముక్కు పెట్టి ఉలిక్కిపడ్డాడు.

"అయ్యగారూ, కిరసనాయిలండీ!"

ఆ రోజుల్లో కిరసనాయిలు దొరకడమే గగనం. అరబ్బులు ఎక్కడో కుళాయి కట్టేస్తే మా పేట రేషన్ షాపు ముందు తెల్లారకుండానే డబ్బాలు వరస కట్టేవి. అలాంటిది జర్మనీ సీసాలో కిరసనాయిలేమిటి? ఓడలో ఏదో కలిసిందనుకున్నారు. దానమ్మ ఏమైనా చేసిందేమో అని శౌరయ్య ఆమె మీద ఎగిరాడు. ఆమె వారం రోజులు మాట్లాడలేదు. ఫాదర్ గారు చాలా నొచ్చుకుంటూ, నాన్న సీసా పాడైపోయిందని అన్నకి రాశాడు.

నెలన్నరకి జవాబొచ్చింది. పాడవడం కాదట, అదే దాని గొప్పట! మంచి ఏడాది రీస్లింగు పదీ పదిహేనేళ్ళు మాగితే సరిగ్గా ఆ వాసనే వస్తుందట. పేరున్న వ్యాపారులే కొందరు పసిగట్టలేరట. "నీ మనిషి నిజమైన మనిషి" అని రాశాడు దొర. శౌరయ్య ఆ ఉత్తరం మడత నలిగిపోయేదాకా జేబులో పెట్టుకు తిరిగాడు. "మనం క్యూలో నిలబడేదాన్ని వాళ్ళు బిరడా కొట్టి దాచుకుంటారంటయ్యా" అని ఒకటే నవ్వు. ఆ ఖాళీ సీసాని మాత్రం దానమ్మ దేనికి వాడిందనుకున్నారు? రేషన్ కిరసనాయిలు పోసుకోవడానికి. రెండేళ్ళు పోసుకుంది. ఇంటికి కరెంటు రాగానే మిగతా ఖాళీలతో కలిపి నాకే అమ్మేసింది.

పేరు జర్మనీలో వచ్చింది, భవానీపురంలో మాత్రం పోయింది. గ్లాసులు ముక్కు దగ్గర పెట్టుకునేవాడి ఒంటికి ఆ వాసన అంటకుండా ఎలా ఉంటుంది? బజారుకెళ్తే పక్కవాడు తల తిప్పుకునేవాడు. "ఉమ్ముతాడంట! ఎవరైనా ఉమ్ముతారా?" అని నవ్వేవాళ్ళు. అందరికంటే ముందు నవ్వేవాడు మరియదాసు. కాలవల ఆఫీసులో గుమాస్తా, సంఘంలో పెద్ద, తెల్లచొక్కా మీద ముడత పడనివ్వడు. చెడ్డవాడని అనను. తనకి అర్థం కానిది జరగదని నమ్మే మనిషి, అంతే.

1976 ఆఖర్న గుడి తాళాలు చూసే ముసలాయన మంచానపడ్డాడు. తాళాలు ఎవరికివ్వాలన్న మాట వచ్చింది. శౌరయ్య జీవితంలో మొదటిసారి నోరు తెరిచి, తనకిమ్మని అడిగాడు. ఫాదర్ గారికి ఇష్టమే గానీ, సొంత వంటవాడికి ఇచ్చుకున్నాడన్న మాట రాకుండా సంఘ పెద్దల నిర్ణయానికి వదిలేశాడు. పెద్దలు ఐదుగురూ కూర్చున్నారు. పూజ రసం దాచే బీరువా తాళం కూడా ఆ గుత్తిలోనే ఉంటుంది, రసం వాసనొచ్చే మనిషికి ఎలా ఇస్తామన్నాడు మరియదాసు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. సంక్రాంతి వెళ్ళాక కర్ట్ దొర తమ్ముణ్ణి చూడటానికి వస్తున్నాడు, ఐదు సీసాలు పెట్టి శౌరయ్యని పరీక్ష చేస్తానని రాశాడు. ఆ పరీక్ష పెద్దల ఎదురుగా జరగాలి. ఐదింటిలోనూ ఒక్క గుక్క కూడా మింగకుండా ఉమ్మేస్తే తాళాలు శౌరయ్యవి.

"ఐదేంటి, యాభై ఉమ్ముతా" అన్నాడు శౌరయ్య నాతో. అంత సంతోషంగా అతన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు నా సంగతి.

దొర వచ్చే రెండు రోజుల ముందు మధ్యాహ్నం పూట దానమ్మ నా కొట్టుకి పరుగెత్తుకొచ్చింది. చెంగు కింద ఏదో దాచుకుంది. చూస్తే ఆకుపచ్చ సీసా మెడ. ఆ ఏటి పెట్టెలో 1959 నాటి సీసా ఇంకొకటి వచ్చింది, వాళ్ళ నాన్నది ఇక అదే ఆఖరుది. తాను వచ్చేదాకా తీయొద్దని దొర ఎర్రసిరాతో రాశాడు. బీరువా దులుపుతుంటే అది దానమ్మ చేతిలోంచి జారి మెడ విరిగిపోయింది. సగం నేల పాలైంది. మిగతా సగం గుడ్డలో వడగట్టి గిన్నెలో దాచింది.

"సిరాజన్నా, ఇట్టాంటి సీసా ఒక్కటియ్యి, ఇంట్లో ఖాళీది లేదు. ఈ సంవత్సరంది కొంచెం కలిపి నింపుతా, పగిలినదాని మీద పేరు కాయితం నానబెట్టి తీసి దీనికంటిస్తా. పరీక్ష రోజు పొద్దున్నే అన్నీ తీసి ఉంచమన్నాడులే దొర, బిరడా సంగతి అడగరు. చచ్చి నీ కడుపున పుడతా అన్నా."

"శౌరయ్యకి చెప్పమ్మా."

"చెప్తే ఆయన ఫాదర్ గారికి చెప్తాడు. ఆయనకి అబద్ధం ఇమడదు. తాళాలొచ్చే ముందు నా మూలంగా ఆయన తల దించుకోవాలా?"

నా కొట్టులో మోసెల్ సీసా ఒక్కటే ఉంది. ఏది? ఆమే రెండేళ్ళు కిరసనాయిలు పోసి నాకమ్మినది. నేను దాన్ని సున్నంతో, కుంకుడు రసంతో, ఇసకతో మూడుసార్లు కడిగాను. మూత తీసి వాసన చూశాను. ఇంకా ఉంది, కొంచెం. నేను వ్యాపారిని, నా ముక్కుకి తెలుసు. "ఇది పనికిరాదు" అనాలి. కానీ ఆమె ఏడుస్తోంది. నాకేమో ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఆ రసానికి ఉన్న గొప్పే కిరసనాయిలు వాసన కదా! ఉన్నదానికి కాస్త తోడైతే నష్టమేమిటి, ఇంకా గొప్పదవుతుంది. ఇంత తెలివి నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు, రాకుండా ఉంటే బాగుండేది. కడిగానమ్మా, భయంలేదు అని ఇచ్చేశాను.

పరీక్ష రోజు బంగళా వరండాలో బల్ల వేశారు. బల్లకి ఒకవైపు కర్ట్ దొర, ఫాదర్ గారు. ఎదురుగా శౌరయ్య, ఉతికిన తెల్లచొక్కాలో. గోడవారగా బెంచీ మీద సంఘ పెద్దలు ఐదుగురు. గ్లాసులు నావి కాబట్టి నేనూ మెట్ల దగ్గర నిలబడ్డాను. మా తాతగారి తమ్మపడిగ బల్ల మధ్యలో మెరుస్తోంది. సీసాలకి తువ్వాళ్ళు చుట్టి ఒక్కొక్కటే తెచ్చే పని దానమ్మకిచ్చారు. ఆమెకి చదువు రాదు కాబట్టి మోసం జరగదని మరియదాసే ఆమెని ఎంచాడు!

మొదటిది శౌరయ్య నోట్లో పోసుకుని, తిప్పి, ఉమ్మాడు. పెద్దలు మెడలు చాచి తమ్మపడిగలోకి చూశారు.

"రీస్లింగేనండీ. దొరగారి తోటదే. నిరుడుది. పచ్చి రేగుపండు."

ఫాదర్ గారు అన్నకి చెప్పాడు. దొర తలాడించాడు. రెండోది వచ్చింది.

"ఇదీ ఆ జాతేనండీ. కాకపోతే ఎండ ఎక్కువ తిన్నది. ఒక తల్లికి పుట్టిన రెండో పిల్ల, మేనమామ ఇంట్లో పెరిగినట్టు. జామపండు వాసన."

అది రైన్ నది ఒడ్డుదట. దొర నవ్వడం మొదలెట్టాడు. మూడోది ఎర్రరంగు. "చుట్టల పెట్టె మూత తీసినట్టుందండీ. నేరేడుపండు. పళ్ళకి పచ్చి అరటికాయ వగరు. ఇంకో పదేళ్ళు దాయాల్సిందండీ, తొందరపడ్డారు." ఫ్రాన్సుది, తొందరపడింది దొరే. నాలుగోది మన దేశందేనని, చక్కెర ముందు పడి ద్రాక్ష వెనకాల నడుస్తోందని చెప్పి ఉమ్మేశాడు. దొర లేచి బల్ల మీదుగా వంగి శౌరయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. నాలుగూ ఉమ్మాడు. చొక్కా మీద చుక్క పడలేదు. మరియదాసు కూడా, ఒప్పుకోక తప్పదన్నట్టు మీసం సవరించుకున్నాడు. నా గుండె అప్పుడే తాళాల గుత్తి చప్పుడు వింటోంది.

ఐదో సీసాకి తువ్వాలు లేదు. దొర అందరికీ చూపించి మరీ పోశాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. ఆ పెద్దాయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏదో అన్నాడు జర్మనులో. ఫాదర్ గారు కూడా వాసన చూసి, పాపం, అన్న ఏడుస్తున్నాడు కాబట్టి తానూ కళ్ళు తుడుచుకున్నాడు. దొర తాగాడు, ఫాదర్ గారూ తాగాడు. ప్రపంచంలో గొప్ప ముక్కుల్లో ఒకటి తండ్రి మీద ప్రేమతో మూసుకుపోయింది, రెండోది ఆరేళ్ళ కిందటే పోయింది. మిగిలింది శౌరయ్య.

శౌరయ్య ముక్కు పెట్టాడు. నేను అతని మొహమే చూస్తున్నాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. తల ఎత్తి వంటింటి గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో దానమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అతనికి అర్థమైపోయింది. అది మోసెల్ నది కిరసనాయిలు కాదు, భవానీపురం రేషన్ షాపు కిరసనాయిలు.

గుక్క నోట్లో పోసుకున్నాడు. అప్పుడే దొర చెయ్యెత్తి, తమ్మపడిగని బల్ల మీదనుంచి తీసి కింద పెట్టేసి, నెమ్మదిగా ఏదో చెప్పాడు. పెద్దలకి ఆ ముక్క అర్థం కాలేదు. ఇన్నేళ్ళు బంగళాలో ఉన్న శౌరయ్యకి అర్థమైంది. మా ఇంట్లో నాన్న రసం ఎవరూ ఉమ్మరు, అన్నాడు దొర.

శౌరయ్య నోట్లో గుక్క ఉంది, అటు పెద్దల కళ్ళున్నాయి, ఇటు దొర కళ్ళున్నాయి. వంగి కిందనున్న తమ్మపడిగలో ఉమ్మొచ్చు. ఉమ్మితే తాళాలొస్తాయి. కానీ ఉమ్మితే దొర ఎందుకని అడుగుతాడు, మళ్ళీ వాసన చూస్తాడు. ఈసారి కన్నీళ్ళు లేకుండా చూస్తాడు, కనిపెడతాడు. సీసా తిప్పి చూస్తాడు, కొత్త జిగురుతో అంటించిన కాయితం చూస్తాడు. ఆ తర్వాత అందరూ దానమ్మ వైపు చూస్తారు.

నేను అప్పుడు నోరు తెరవాల్సింది. ఆ సీసా నాది, వాసన ఉందని తెలిసే ఇచ్చాను అనాల్సింది. ఇక నా దగ్గర సీసా ఎవరు కొంటారన్న ఆలోచన వచ్చింది. నోరు తెరవలేదు.

శౌరయ్య మింగాడు.

గొంతు కదలడం అందరికీ కనిపించింది. గ్లాసు బల్ల మీద పెట్టి, "చాలా గొప్పగా ఉందండీ. బాగా మాగింది" అన్నాడు. దొర అతన్ని కౌగిలించుకున్నాడు.

మరియదాసు లేచి కండువా దులుపుకున్నాడు. "చూశాం కదండీ. మంచిది దొరికేదాకా ఉమ్మాడు, దొరకంగానే మింగాడు." ఫాదర్ గారు తన అన్నే ఉమ్మొద్దన్నాడని చెప్పబోయాడు. "షరతు షరతేనండీ. గుళ్ళో కూడా ఎవరో ఉమ్మొద్దంటారు" అన్నాడు మరియదాసు. "ఎందుకు మింగావు శౌరయ్యా?" అని ఫాదర్ గారే అడిగాడు. "దొరగారి నాన్నగారిదండీ. ఉమ్మలేకపోయాను" అన్నాడు శౌరయ్య. అబద్ధం ఇమడదన్నారు కదా, ఆ రోజు ఇమిడింది.

తాళాలు అప్పటికప్పుడే మరియదాసుకిచ్చారు. కర్ట్ దొర జర్మనీ వెళ్ళి, నా జీవితంలో అంత మంచి గుక్క తాగలేదని, నాన్న పక్కనే నిలబడ్డట్టుందని ఉత్తరం రాశాడు. అందులో నా సీసా పాత్ర ఎంతో ఆయనకి ఎప్పటికీ తెలియదు. ఆ ఉత్తరం తర్వాతి సంగతి. నేను చెప్పదలచుకున్నది ఆ సాయంత్రం గురించి.

పొద్దువాలుతుండగా వాళ్ళ ఇంటికి వెళ్ళాను. దానమ్మ వసారా మెట్టు మీద కూర్చునుంది. కళ్ళు వాచిపోయాయి.

"చెప్పేశానన్నా ఫాదర్ గారికి. గుళ్ళో తెరకి ఇవతల మోకరించి పాపసంకీర్తనంలో చెప్పేశా."

"ఏమన్నాడు?"

"ముందు నవ్వినట్టు వినపడింది, ఆ తర్వాత ఏడ్చినట్టు. ఇక ఆయన ఎవరికీ చెప్పకూడదంటగా. పాపసంకీర్తనంలో విన్నది చచ్చినా బయటపెట్టకూడదంట."

"మరి బయటే చెప్పుండొచ్చు కదా చెల్లెమ్మా. పెద్దలకి ఆయనే చెప్పేవాడు."

"బయట చెప్పే ధైర్యముంటే లోపలికెందుకు పోతానన్నా?"

ధైర్యం గురించి మాట్లాడే మొహమా నాది? ఇంతలో శౌరయ్య లోపలినుంచి వచ్చాడు. నేను మొదలెట్టాను. "శౌరయ్యా, ఆ సీసా..."

"తెల్సులే" అన్నాడు. "కుంకుడుకాయ, సున్నం కూడా తగిలినయ్. ఈ బెజవాడలో సీసా అట్టా కడిగేది నువ్వొక్కడివే."

సిగ్గుతో చచ్చిపోయాను. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను. "అసలు రసమేమైనా తెలిసిందా?"

"అడుగున ఉంది సిరాజూ. ఎక్కడో అడుగున తేనెపట్టు మైనం వాసన. నిజంగా గొప్పదే." నవ్వాడు. "మింగితే ఎట్టా ఉంటదో అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. రేషన్ క్యూలో నిలబడ్డట్టుంది."

గుళ్ళో సాయంకాలపు గంట మోగింది. మరియదాసుది కొత్త చెయ్యి, దెబ్బకీ దెబ్బకీ పొంతన లేదు. శౌరయ్య ఆ గంట పూర్తయ్యేదాకా అటే చూశాడు. తర్వాత గోడకున్న మేకు మీదనుంచి జపమాల తీసుకుని దానమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"ఇయ్యాళ వద్దులేయ్యా" అంది దానమ్మ.

"అదేంటే, ఇన్నాళ్ళూ ఉమ్మొచ్చినోడితో చెప్పించావ్. ఇయ్యాళే గదా మింగొచ్చింది."

మొదలెట్టాడు. నేను మెట్టు దగ్గరే నిలబడి, మాది కాని జపాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టాను. యాభై మూడూ అయ్యాయి. శౌరయ్య నాలుక ఒక్కచోట కూడా మడతపడలేదు. మూడోదాని దగ్గరే దానమ్మ చెంగులో మొహం దాచుకుంది. అక్కణ్ణుంచి ఆమె వంతు కూడా అతనే చెప్పాడు.